చెదలు పట్టని వాగు

“నీ బొమ్మకు చెదలు వట్టినయ్. పారేసిన,” అన్నాడు ఉదయ్‌భాస్కర్, రొట్టె తుంచుతూ.

పెనం మీది రొట్టె తిప్పడం మరిచిపోయింది స్వప్నిక. బొమ్మ వేలాడిన చోట గోడ శుభ్రంగానే ఉంది. పక్కనే ఉన్న మామగారి ఫొటో చెక్క ఫ్రేముకు ఒక్క పురుగు అంటలేదు. చెదలు తన బొమ్మనే ఏరుకుని తిన్నాయా? అడిగితే, “నా మీదనే అనుమానమా?” అంటాడు. మాడుతున్న రొట్టెను తిప్పింది.

పెళ్లికి ముందు, ఆర్ట్ కాలేజీలో చదివేటప్పుడు, పట్నం దారిలోని హిమాయత్‌నగర్ పల్లెలో పుట్టింటి దగ్గరి వాగొడ్డున కూర్చుని వేసిందా బొమ్మ. గీతల్లేవు, చిన్న చిన్న రంగు మరకల్లోనే నీళ్ల మీద పొద్దు పొడుస్తుంది. చేవెళ్లకు కోడలిగా వచ్చాక అత్త శారదాదేవి, “దగ్గరికి వోతే అన్నీ మరకలే, నీళ్లేడున్నయే?” అనేది. దూరం నుంచి చూడాలత్తమ్మా అంటే, “గంత తీరిక ఎవరికున్నది? పప్పు అడుగంటుతున్నది చూడు.” మళ్లీ కుంచె పట్టలేదు.

ఇప్పుడు భర్త ప్రతి మాటా ఆమెకు తేడాగానే వినిపిస్తోంది. కనకమామిడిలో ఆయన ప్లాట్లమ్మే ఆఫీసు చూస్తానంటే, “ఆడోళ్లకు ఆడేం పని?” అన్నాడు. ప్లాట్లు చూడ్డానికి హైటెక్ సిటీ నుంచి కార్లలో దిగేవాళ్లలో ఆడవాళ్లు లేరా?

ఒకరోజు ఆయన అన్నం డబ్బా మరిచిపోయాడు. అత్త చెప్పకముందే స్వప్నిక ఆటో ఎక్కింది.

ఆఫీసు గోడ మీద, బంగారు రంగు ఫ్రేములో, ఆమె వాగు. మూలనున్న సంతకాన్ని ఫ్రేము అంచు మింగేసింది. ఎదురుగా సాఫ్ట్‌వేర్ జంట.

“మన ప్లాట్ల ఎనక వాగే మేడమ్. ఫ్రాన్స్ ఆర్టిస్టు వచ్చి గీసిండు,” అంటున్నాడు ఉదయ్‌భాస్కర్. ప్లాట్ల వెనక ఉన్నవి రాళ్లూ తుమ్మచెట్లూ. ఆమెను చూసినా గొంతు తడబడలేదు. “మా ఇంట్ల మనిషి. చాయ్ పెడ్తది.”

ఆ అమ్మాయి స్వప్నిక వైపు తిరిగింది. “ఎండాకాలం కూడా నీళ్లుంటాయాండీ?”

భయమేస్తుందనుకుంది. వేయలేదు.

“ఇక్కడ వాగు లేదమ్మా. ఇది హిమాయత్‌నగర్ వాగు. నేనే గీసిన.”

డబ్బా బల్ల మీద పెట్టి, కుర్చీ ఎక్కి బొమ్మ దించింది. ఉదయ్‌భాస్కర్ బయటిదాకా వచ్చి, పళ్లు బిగబట్టి అన్నాడు: “ఇంటికి రా, చెప్త.”

చేవెళ్ల ఆటో వచ్చి ముందరే ఆగింది. బొమ్మను రెండు చేతులా పొదివి పట్టుకుని, రోడ్డు దాటి, పట్నం పోయే వైపు నిలబడింది.