వెనక సీటు

పాలు పొంగేలోపు షెడ్డులోకి పరుగెత్తి, కారు బ్యాటరీల్లో నీళ్లు చూసి రావాలి. నాలుగేళ్లుగా ఆవిడకు తెల్లవారేది ఇలాగే. పెట్రోలు కార్లు రోడ్లనేలకముందు, వందేళ్లకు ముందే, కరెంటుతో నడిచిన కారు అది. చుట్టూ అద్దాలతో చిన్న గదిలా ఉంటుంది. ఆవిడ భర్త దాన్ని వేలంలో తుక్కుకింద కొని తెచ్చి షెడ్డులో పడేశాడు. అక్కడితో ఆయన కష్టం తీరిపోయింది.

మోటారు విప్పి, మాడిపోయిన రాగితీగ లాగేసి, చుట్లు లెక్కపెట్టుకుంటూ కొత్తతీగ చుట్టింది ఆవిడే. "నీ వేళ్లు సన్నం. నావి దూరవు" అన్నాడాయన. నిజమే, అంట్లగిన్నెల్లోకి కూడా ఆయన వేళ్లు ఏనాడూ దూరలేదు. యాసిడ్ చుక్కలు పడి ఆవిడ బట్టలన్నీ జల్లెడలయ్యాయి. కోడలివా, మెకానిక్కువా అని అత్తగారు మూతి విరిచేది. చుట్టాలొస్తే మాత్రం, మావాడు బాగుచేస్తున్న కారు చూద్దురు రండంటూ అత్తగారే ముందు నడిచేది. ఆయనా అప్పుడే వచ్చేవాడు, ఇస్త్రీ చొక్కాతో, కారు బయట నిలబడి ఫొటో దిగడానికి. లోపలికెక్కితే ప్యాంటు మాసిపోదూ!

చివరికి ఒక మ్యూజియం వాళ్లు కారు తీసుకుంటామన్నారు. బాగుచేసినవారి పేరుతో పక్కనే ఇత్తడి పలక పెడతారట. అందుకు వాళ్లు పంపిన కాగితంలో ఆయన తన పేరు రాసుకుంటుంటే ఆవిడ చూసింది. నా పేరు కూడా రాయొచ్చుగా అంది. పెళ్లయ్యాక తనకోసం నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

"ఒకే ఇల్లు. ఎవరి పేరైతే ఏముందే?" అన్నాడు, టీకప్పు అందుకుంటూ.

ఆవిడకు కడుపు మండిపోయింది. అయినా మర్నాటికి ఆయన చొక్కా ఇస్త్రీ చేసిపెట్టింది. చేతులకు అలవాటైపోయింది, ఏం చేస్తాం.

అప్పగించే రోజు, పదిమందీ చూస్తుండగా, మ్యూజియం అధికారిణి ఓసారి నడిపి చూపించమంది. ఆయన ఠీవిగా తలుపు తీసి ముందు సీట్లో కూర్చున్నాడు.

"నువ్వు వెనక కూర్చో" అన్నాడు భార్యతో.

కూర్చుంది. ఆయన ముందు చక్రం లేదు, మీటల్లేవు, ఎదురుగా భార్య ముఖం ఉంది. ఆ కాలపు కార్లు కొన్ని అంతే. ముందు సీటు వెనక్కి తిరిగి ఉంటుంది, వచ్చిన అతిథి కబుర్లు చెప్పుకోవడానికి. నడిపేవాళ్లు కూర్చునేది వెనక. చక్రానికి బదులున్న పొడవాటి కడ్డీ ఆవిడ ఒళ్లోకి వాలి ఉంది.

ఎవరో కిసుక్కున నవ్వారు. "మా ఆవిడకు నేర్పించానండీ!" అన్నాడాయన కిటికీలోంచి. ఏ ఎండకా గొడుగు పట్టడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. జనం చప్పట్లు కూడా కొట్టారు.

కారు చప్పుడు లేకుండా కదిలింది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన ఆవిడ ముఖంకేసి అంతసేపు చూడటం అదే మొదలు. ముందే చెప్పొద్దా, పరువు తీశావని పళ్లు నూరాడు. నాలుగేళ్లలో ఒక్కసారి లోపలికి తొంగిచూసినా తెలిసేదే. ఆవిడ కడ్డీ తోసి కారును మలుపు తిప్పింది.

చుట్టు పూర్తయ్యాక అధికారిణి పలకకు పేరు రాసిన ఆ కాగితం సంతకానికి తెచ్చింది. ఆయన చెయ్యి చాచాడు. ఆవిడే ముందు అందుకుంది. తను ఇస్త్రీ చేసిన చొక్కా జేబులోంచి పెన్ను లాగి, ఆయన పేరు కొట్టేసి, కింద తనది రాసింది. రాసి ఎన్నేళ్లయిందో, అక్షరాలు కాస్త పెద్దవిగా పడ్డాయి.

ఆయన నోరు తెరవబోయాడు.

"ఒకే ఇల్లేగా" అంది ఆవిడ. "ఎవరి పేరైతే ఏముందండీ?"