దారం తెంచకూడని లేసు

ముందుగా నన్ను క్షమించాలి. అక్షరాలు అరవై మూడో ఏట నేర్చుకున్నాను, అందుకని ఒత్తులు ఎక్కడైనా పక్క అక్షరం కింద పడి ఉంటే మీరే సర్దుకోండి. ఈ నాలుగు ముక్కలు రాయడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఇంత పొడుగు లేసయితే రెండు రోజుల్లో అల్లేదాన్ని.

మా లేసు హాల్లో ఇరవై మంది ఆడవాళ్ళం. ఎవరి దిండు వాళ్ళ ముందు ఉంటుంది. దిండు మీద చుక్కల అట్ట, చుక్కకొక గుండుసూది, సూదుల చుట్టూ దారాలు, ప్రతి దారం చివర ఒక చెక్క కండె. కండెల్ని ఒకదాని మీంచి ఒకటి దాటించడం, మెలేయడం, అంతే పని. నా కుర్చీ కిటికీ దగ్గర. కుడికంటికి పొర కమ్మింది. ఆ వెలుతురు లేకపోతే నాకు చుక్కలు కనబడవు, చుక్కలు కనబడకపోతే పని లేదు.

ఆ కుర్చీకే ఎసరు పెట్టింది కొత్త పంతులమ్మ. ఆవిడ తెచ్చిన కొత్త రకం లేసులో సన్నటి పట్టీ వంపులు తిరుగుతూ పోతుంది. వంపు తిరిగిన ప్రతిచోటా పక్క పట్టీ అంచులోకి కొక్కెం దూర్చి, దారం లాగి, రెంటినీ కలపాలి.

"చివరి ముడి పడేదాకా దారం తెంచకూడదు. తరవాత కూడా లేసులో ఎక్కడా కత్తెర పడకూడదు. పడితే పని చెల్లదు. శనివారం పరీక్ష. నెగ్గినవాళ్ళకే కిటికీ కుర్చీలు," అంది.

నా పక్క కుర్చీ మా తోడికోడలిది. నాకంటే పెద్దది, అక్కా అని పిలవాలి. పిలవక పదకొండేళ్ళయింది. లేసు మలుపులో ఎన్ని సూదులు గుచ్చాలన్న దగ్గర మా మాటలు పోయాయి. ఆ తరవాత బావగారు పోయారు, మా ఆయన పోయాడు. ఏడ్చినప్పుడు కూడా ఎవరి మూల వాళ్ళదే.

మంగళవారం మధ్యాహ్నం ఆవిడ కునుకు తీసింది. తల నావైపు వాలి, తెల్లటి జడ నా దిండు మీద పడింది. జడంటే ఏమిటి, మూడు పాయల పట్టీ. నా కంటికి అది నేనల్లిన పట్టీలాగే ఉంది. పందొమ్మిది వంపులు దానికే కలిపాను. ఎంత చక్కగా కుదురుతోందో అని మురిసిపోయాను కూడా.

ఆవిడ లేచింది. దిండూ లేచింది.

"ఏమే! నా జడ పట్టుకున్నావా?"

"పట్టుకోలేదక్కా. అల్లేశాను."

"విప్పు!"

"విప్పాలంటే దారం తెంచాలి. తెంచితే నా కుర్చీ పోతుంది. పోనీ జడ కత్తిరించనా?"

"జడ మీద కత్తెర పెట్టి చూడు, పైనున్న మీ బావగారు దిగొస్తారు!"

పంతులమ్మ భూతద్దం పెట్టి చూసింది. "ఇంత సన్నటి దారం ఎక్కడ దొరికిందమ్మా?"

"తలకాయలో," అంది అక్క.

ఇక శనివారం దాకా కలిసే తిరిగాం. ఆవిడ ముందు, దిండు మోస్తూ నేను వెనక. కూరలకొట్టాయన "ఊరేగింపా?" అన్నాడు. ఆవిడ స్నానానికి వెళితే తలుపు సందులోంచి జడ బయటికి, జడ చివర నేను. ఆవిడ తుమ్మితే ఇరవై నాలుగు జతల కండెలు గలగలమనేవి. మాట్లాడకుండా ఎలా కుదురుతుంది? "ఎడమకి తిరుగుతున్నా" అని చెప్పాలి కదా. అక్కడ మొదలై, "నీ చేతి వంటలో ఉప్పెప్పుడూ ఎక్కువే" దాకా వచ్చాం.

శనివారం పరీక్ష పెట్టేవాళ్ళు వచ్చారు. అందులో పెద్దాయన అడిగాడు, "ఇది ఎవరి పని?"

"నాదండి."

"మరి ఈవిడ?"

"సామానండి."

అక్క నన్ను గట్టిగా గిల్లింది. దారం ఎక్కడా తెగలేదని చూసుకుని, నెగ్గావన్నారు. నెగ్గిన నమూనా హాల్లో అద్దాల బీరువాలోనే ఉండాలట, రూలట. సూదులు పీకి, దిండు తీసేసి, లేసు బీరువాలో పెట్టి తలుపు మూశారు. జడ తలుపు సందులో, అక్క తలుపు బయట. ఆవిడకో స్టూలు వేశారు.

నేను వెళ్ళి కిటికీ దగ్గర కూర్చున్నాను. వెలుతురు బ్రహ్మాండంగా ఉంది. ప్రతి సూదీ మెరుస్తోంది. అక్క తల తిప్పినప్పుడల్లా బీరువా కిర్రుమంటోంది.

ఐదింటికి హాలు మూసే వేళయింది. "మరి అక్క?" అన్నాను.

"సోమవారం పదింటికి తెరుస్తాంగా," అంది పంతులమ్మ, తాళంచెవులు వెతుక్కుంటూ.

"నువ్వెళ్ళవే. నీ లేసుకి నేను కాపలా ఉండొద్దూ?" అంది అక్క గోడకేసి చూస్తూ.

కత్తెర తీసి, బీరువా తెరిచి, లేసుని జడకి బెత్తెడు దూరంలో కత్తిరించాను. ఒక్క వెంట్రుక తెగలేదు. పంతులమ్మ అక్కడికక్కడే పుస్తకంలో నా పేరు కొట్టేసింది.

"కన్నే పోయిందనుకున్నా, బుర్ర కూడా పోయిందా? బంగారంలాంటి పని నాశనం చేశావు కదే!" అని ఇంటిదాకా తిడుతూనే ఉంది అక్క. బెత్తెడు లేసు ముక్క జడకి వేలాడుతూనే ఉంది. విప్పదీస్తానంటే ఒప్పుకోలేదు.

కిటికీ కుర్చీలో ఇప్పుడు బొత్తాలు కుట్టే ఆవిడ కూర్చుంటోంది. నేను హాలుకి పోవడం మానేశాను. అక్క ఇంట్లో వీధి గదిలో పొద్దున్న పదింటి దాకా ఎండ పడుతుంది. అప్పటిదాకా అల్లుతాను. పది దాటాక ఎండ ఎదురింటివాళ్ళది.

హాల్లో నన్ను పిలిచే పేరు కండెలమ్మ. వయసు డెబ్భై ఒకటి. ప్రస్తుతం ఉంటున్నది అక్క దగ్గర, ఆ వీధి గదిలోనే.