పీలగొంతు

మా ముందుగదిలో కుర్చీ ఒకటే ఉంటుంది. ఇంటికొచ్చినవాళ్ళు నిలబడే మాట్లాడి వెళ్ళిపోతారు. కుర్చీ కాళ్ళ కింద నేలమీద తెల్లరంగుతో గుర్తులు పెట్టి ఉంటాయి. ఇల్లు తుడిచేటప్పుడు పొరపాటున అది బెత్తెడు పక్కకు జరిగిందంటే మా ఆయనకు ఆ పూట అన్నం సయించదు. అందులో కూర్చుంటే ఎదురుగా ఉన్న రెండు స్పీకర్ల మధ్య, ఉత్త గోడ ముందు, పాడే మనిషి వచ్చి నిలబడతాడట. కూర్చున్నవాళ్ళు కాస్త పక్కకు ఒరిగితే ఆ మనిషి మాయమైపోతాడట. గోడలకు పాత కంబళ్ళు, కిటికీకి రెండు పొరల పరదా. మొదటిసారి వచ్చినవాళ్ళు గొంతు తగ్గించి, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదా అని అడుగుతారు. అవునండీ, మా ఆయనకే, కానీ ఇది మందులకు లొంగే రకం కాదు అని చెబుతుంటాను.

ఆయన టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉన్నప్పటినుంచే స్పీకర్లు సొంతంగా తయారుచేస్తారు. ప్లైవుడ్ కోయడం, పెట్టెలు బిగించడం, లోపల దూది పరచడం, తీగలు అతకడం అంతా వెనక వరండాలోనే. వీధిలో ఆయన పేరు డబ్బాలాయన. నన్ను డబ్బాలావిడ అంటారనే అనుకుంటాను, మొహంమీద ఇంతవరకూ ఎవరూ అనలేదు.

ఒక్కో పెట్టెలో రెండు స్పీకర్లుంటాయి. కింద పళ్ళెమంతది లావు శబ్దాలకు. పైన సీసామూతంతది సన్నటి శబ్దాలకు, దాన్ని ట్వీటర్ అంటారు. ట్వీటర్ ఎంత గట్టిగా మోగాలో తేల్చేది దాని తీగకు అతికిన రెసిస్టర్ అనే చిన్న తెల్లటి ముక్క. చూడ్డానికి అరిగిపోయిన సుద్దముక్కలా ఉంటుంది. అది మారిస్తే గొంతులు మెరుస్తాయి, లేదా మసకబారతాయి. మా రెండిళ్ళనీ విడదీసింది అదే.

రెండిళ్ళంటే మాదీ, మా అక్కదీ. బావకు కళ్ళజోళ్ళ దుకాణం. ఆయనకూ ఈ పిచ్చే కావడంతో తోడల్లుళ్ళిద్దరూ అన్నదమ్ములకంటే ఎక్కువయ్యారు. ఆదివారం వచ్చిందంటే అక్కా బావా మా ఇంట్లో ఉండేవారు. ఒకరు కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చోవాలి. రెండోవారు పెట్టె వెనక చేరి, ఏది పెడుతున్నదీ చెప్పకుండా రెసిస్టర్ మార్చాలి. తర్వాత అదే పాట, అందులో అదే ముక్క మళ్ళీ పెట్టి "ఎక్కువా? తక్కువా?" అని అడగాలి. ఎవరి చెవిని వాళ్ళే నమ్ముకోకూడదన్నది వాళ్ళు పెట్టుకున్న నియమం. మంచి నియమమే. ఆ మంచి నియమం నా చేత ఎన్ని వందల టీలు పెట్టించిందో చెప్పలేను.

ఆ ఆదివారాలు నిజానికి మావి. వంటింట్లో అక్కా నేనూ బఠాణీలు ఒలుచుకుంటూ కూర్చునేవాళ్ళం. ముందుగదిలో మోత మొదలవగానే మా నోళ్ళు తెరుచుకునేవి. అత్తవారి సంగతులు, పిల్లల సంగతులు, మొగుళ్ళకు చెప్పకుండా చేసిన పనులు అన్నీ ఆ మోతచాటునే నడిచాయి. రెసిస్టర్ మార్చడానికి పాట ఆపినప్పుడు మేమూ చటుక్కున ఆపేసేవాళ్ళం. మళ్ళీ మొదలవగానే ఎక్కడ ఆపామో అక్కడినుంచే అందుకునేవాళ్ళం. నా బతుకులో దాచుకోకుండా మాట్లాడింది అక్కతో ఒక్కదాంతోనే.

ఆయనకు అరవై దాటాక స్పీకర్లకు కొత్త గుణం పట్టుకుంది. చేసిన జతకల్లా ట్వీటర్ హెచ్చుతూ వచ్చింది. పళ్ళెంమీద చెంచాతో గీసినట్టుండేది. ఒకసారి నేనే అన్నాను. వంటింట్లోంచి వింటే అలాగే ఉంటుంది, కుర్చీలో కూర్చుని వినాలి అన్నారు. కూర్చోమని మాత్రం అనలేదు.

ఓ ఆదివారం బావ కుర్చీలోంచి లేచి, మొహమాటం లేకుండా చెప్పేశాడు. "చెవిలో పుల్ల పెట్టి తిప్పినట్టుంది. నీ చెవులు ఒకసారి ఎవరికైనా చూపించుకో తమ్ముడూ."

ఆయనకు పుండుమీద కారం చల్లినట్టయింది. "అద్దాలు అరగదీసుకునేవాడికి చెవులతో ఏం పని?" అన్నారు.

బావ వంటింటి గుమ్మంలోకి వచ్చి, అక్కతో పద అన్నాడు. అక్క ఒళ్ళో బఠాణీలు ఒలుస్తున్నవి ఒలుస్తున్నట్టే ఉన్నాయి. వాటిని నా ఒళ్ళోకి వంపి, నావైపోసారి చూసి వెళ్ళిపోయింది. మర్నాటికి కలిసిపోతారనుకున్నాం. ఇద్దరూ తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. ఆంబోతుల పోట్లాటలో లేగదూడలు నలిగినట్టు, నలిగింది మేమిద్దరం.

మొదట్లో అక్కా నేనూ ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం. రానురాను అక్క మాటలు కురచ అయ్యాయి. నేను ఏం చెప్పినా "సరే సరే, ఉంటాను మరి" అనేది. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే నవ్వేది, తలూపేది, పక్కవాళ్ళవైపు తిరిగేది. మొగుడి పంతం తనూ నెత్తికెత్తుకుందనుకున్నాను. నాకు మాత్రం రోషం లేదా? నేనూ తగ్గించేశాను.

అమ్మ నా దగ్గరే పోయింది. మంచాన పడగానే అక్కకు ఫోన్ చేశాను. అమ్మ నిన్నే కలవరిస్తోంది, వెంటనే రా అన్నాను. "సరే సరే, ఉంటాను మరి" అని పెట్టేసింది. ఆ రోజూ రాలేదు, మర్నాడూ రాలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. కన్నతల్లికంటే పంతం ఎక్కువైతే కాళ్ళు పట్టుకుని పిలవాలా అనుకుని మళ్ళీ చేయలేదు. ఆఖరి సాయంత్రం అమ్మ నా చెయ్యి పట్టుకుని, "పెద్దపాపా, వచ్చావా" అంది. పెద్దపాప అంటే అక్క. నేను "వచ్చానమ్మా, ఇక్కడే ఉన్నాను" అన్నాను. అమ్మ మొహం తేటపడింది. అక్క వచ్చిందనే అనుకుంటూ వెళ్ళిపోయింది. చివరిరోజు కార్యానికి వచ్చిన అక్క, చుట్టాల మధ్య ఏడ్చి, చుట్టాలతోపాటే వెళ్ళిపోయింది. ఈ మాట చెప్పాల్సిన మనిషి అక్క ఒక్కతే. అప్పటికి ఆమెమీద కోపం, ఆ తర్వాత సందర్భం లేదు. అలా అది నాలోనే ఉండిపోయింది.

ఈమధ్య ఒక మధ్యాహ్నం ఆయన కొత్త జతను పరీక్షిస్తున్నారు. దానికో రికార్డుంది. అందులో ఎవరో ఒక అంకె చెబుతారు, వెంటనే ఒక కూత వస్తుంది. అంకె పెరిగేకొద్దీ కూత సన్నబడుతుంది. కాసేపటికి లోపలినుంచి తిట్లు వినిపించాయి. ట్వీటర్ చచ్చిందన్నారు. విప్పి ఇంకోటి బిగించారు. అదీ చచ్చిందన్నారు. మూడోది బిగించి, దుకాణంవాడు దొంగసరుకు అంటగట్టాడని వాడి వంశాన్ని ఎత్తుకున్నారు. నేను బట్టలు పిండుతున్నదాన్ని తడిచేతులతోనే చెవులు మూసుకుని పరిగెత్తుకొచ్చాను.

"ఆపండి బాబూ, చెవులు చిల్లులు పడుతున్నాయి."

"ఏం ఆపాలి? ఏమీ మోగడంలేదుగా" అన్నారు.

నేను ఆయన్ని చూశాను. ఆయన నన్ను చూశారు. కూత మాత్రం సాగుతూనే ఉంది.

ఆయన లేచి, కుర్చీ చూపించి, కూర్చో అన్నారు. పెళ్ళయినప్పటినుంచీ ఆ కుర్చీని తుడిచాను గాని కూర్చోలేదు. కూత వినబడుతున్నంతసేపూ వేలు ఎత్తి ఉంచమని, రికార్డు మొదటినుంచి పెట్టారు. ఆయనా తన వేలు ఎత్తారు. ఒక అంకె దగ్గర ఆయన వేలు కిందికి దిగింది. నాది దిగలేదు. ఇంకో అంకె, ఇంకో అంకె. ఆయన చూపు నా వేలిమీదే ఉంది. దించేద్దామా అనిపించింది, ఆ మొహం చూడలేక. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పమని నన్ను అడగడం అదే మొదటిసారి. దించలేదు.

రికార్డు అయిపోయాక దాన్ని తీసి అట్టలో పెట్టారు. తనకు సన్నశబ్దాలు తగ్గేకొద్దీ ట్వీటర్లు పెంచుకుంటూ పోయానని ఆయనకు ఆయనే చెప్పుకున్నారు. తర్వాత, "అన్నయ్య ఆరోజే చెప్పాడు" అన్నారు. ఆ మనిషి కళ్ళు తుడుచుకోవడం నేను అంతకుముందు చూడలేదు. జాలేసింది. జాలితోపాటు, ఈ మాట అనడానికి ఇన్నేళ్ళా అని కడుపు రగిలింది కూడా.

ఆ వారమంతా నేను కుర్చీలో, ఆయన పెట్టె వెనక. ఎక్కువా, తక్కువా. నా చెవి సరే అన్నచోట రెసిస్టర్ అతికించారు. ఆదివారం పెట్టెలు బండిలో వేసుకుని బావ ఇంటికి వెళ్ళాం. దారి పొడుగునా నేను లోపల ఒకటే మాట కూడబలుక్కుంటున్నాను. అక్కకు చెప్పాల్సింది, అమ్మ మాట.

తలుపు తీసిన బావ ముందు ఈయన పెట్టె మోసుకుని నిలబడి, "అన్నయ్యా, ట్వీటర్ ఎక్కువైంది. నువ్వు చెప్పిందే నిజం" అన్నారు.

బావ పెట్టెకు రెండోవైపు చెయ్యి వేశాడు. "లోపలికి రా, నడుం పట్టేస్తుంది" అన్నాడు. అంతే. ఇంతకాలం మమ్మల్ని ఏడిపించిన గొడవ గుమ్మం దగ్గరే తేలిపోయింది.

అక్క నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి కూర్చోబెట్టింది. జుట్టంతా తెల్లబడింది. ఎలా ఉన్నావని అడిగితే నవ్వింది. మోకాళ్ళ నొప్పులు తగ్గాయా అంటే తలూపి, టీ తాగుతావా అంది. తను పొయ్యివైపు తిరిగి ఉండగా వెనకనుంచి పిలిచాను. తిరగలేదు. ఇంకోసారి పిలిచాను. ఇంకా కోపమేననుకున్నాను. ఇంతలో బావ మంచినీళ్ళకు వచ్చాడు. ఆమె ఎడమచెవి దగ్గరికి వంగి, బొంగురుగొంతుతో నిదానంగా, చక్కెర తక్కువ వెయ్యమన్నాడు. అక్క టక్కున, నాకు తెలీదా ఏం అంది.

అప్పుడు బావ నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. అక్కకు ఏళ్ళక్రితమే వినికిడి పోవడం మొదలైందట. చెవిలో మిషన్ పెట్టుకుంటే కుయ్యిమంటుందని బీరువాలో పడేసిందట. చుట్టాలకు తెలిస్తే నామోషీ అని ఎవరికీ చెప్పనివ్వలేదట. "నా గొంతు లావు కాబట్టి ఏదో పట్టుకుంటుంది. నీది పీలగొంతమ్మా, అది దానికి అందదు. ఫోన్లో అయితే మరీను. నీ ఫోనొస్తే సరే సరే అని పెట్టేసి, ఏం చెప్పిందో ఏమోనని కూర్చునేది."

"అమ్మకు బాగోలేదని చేసినప్పుడు కూడానా?" అన్నాను.

"ఎప్పుడు చేశావు?" అన్నాడు బావ.

నేను చెప్పాను. బావ నీళ్ళగ్లాసు తాగకుండానే గట్టుమీద పెట్టి, ముందుగదిలోకి వెళ్ళిపోయాడు.

పాట మొదలైంది. వినడానికి హాయిగా ఉంది, నేనే కూర్చిన స్వరం కదా. అక్క పళ్ళెంలో బఠాణీలు తెచ్చి మధ్యలో పెట్టింది. పాత ఆదివారం మళ్ళీ వచ్చినట్టే ఉంది. నేను మాట అందుకున్నాను. అక్క నా పెదాలవైపే చూస్తూ, నవ్వుతూ తలూపుతోంది. నేను చెబుతున్నది నవ్వాల్సిన మాట కాదు. ఇంకాస్త గట్టిగా చెప్పాను. మళ్ళీ నవ్వింది. ఆమె చెయ్యి పట్టుకుని, గొంతు చించుకుని అరిచాను.

"అమ్మ నిన్ను అడిగిందక్కా. నేనే పెద్దపాపనని చెప్పాను. నువ్వొచ్చావనుకునే పోయింది."

రెసిస్టర్ మార్చడానికి సరిగ్గా అప్పుడే పాట ఆపారు. మోతచాటున అక్కకు ఒక్కదానికే చెప్పాలనుకున్న మాట ఇల్లంతా వినబడింది, అక్కకు తప్ప. "ఏమంటోంది?" అని అక్క అడుగుతుంటే, మగవాళ్ళిద్దరూ గుమ్మంలోకి వచ్చారు. మా ఆయన తల ఎత్తలేదు. బావ అక్క పక్కన మోకాళ్ళమీద కూర్చుని, ఎడమచెవి దగ్గర, నా మాటల్ని తన గొంతుతో ఒక్కొక్కటే చెప్పాడు.

అక్క మొహం మెల్లగా మారింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అమ్మ నన్నడిగిందా? మరి నాకు కబురు చేయలేదేమే?" అంది.

ఏం చెప్పమంటావన్నట్టు బావ నావైపు చూశాడు. ఫోన్ చేశానక్కా, నీకే వినబడలేదు అనొచ్చు. అదే నిజం. ఆ నిజంతో అక్క ఇక నిద్రపోదు.

"ఆ హడావుడిలో మర్చిపోయానని చెప్పు బావా" అన్నాను.

బావ కదల్లేదు. చెప్పమని మళ్ళీ అన్నాను. అప్పుడు వంగి చెప్పాడు. ఆ మాట అక్కకు ఒక్కసారికే వినబడింది. నా చేతిలోంచి చెయ్యి తీసుకుని, పళ్ళెం తన ఒళ్ళోకి లాక్కుని, ఒక్కతే బఠాణీలు ఒలుచుకోవడం మొదలుపెట్టింది.