బండి నంబరు

పొద్దున తొమ్మిదింటికి వచ్చి కూర్చుంటే మధ్యాహ్నం రెండయినా పిలుపు రాలేదు. మునిసిపాలిటీ మీటింగు హాలు బయట బల్లలు మొత్తం ఎనిమిది. వాటిలో నాలుగు కాళ్ళూ సరిగ్గా ఉన్నవి అయిదు. టీచరమ్మకు దొరికింది కుంటి బల్ల. తోడొచ్చిన మనిషి, అందరూ పొట్టి అని పిలిచేది, పక్కన కదిలినప్పుడల్లా అది ఓ వైపుకి ఒరిగిపోతోంది. మూడు నెలల్లో ఇక్కడికి రావడం ఇది ఏడోసారి. అర్జీలు ఇచ్చారు, సంతకాలు పెట్టించారు, వేలిముద్రలు వేయించారు. ప్రతి గుమాస్తా ఇంకో గుమాస్తాను చూపించాడు. టీచరమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది.

టీచరమ్మ అంటే బళ్ళో పాఠాలు చెప్పే మనిషి కాదు. ఆవిడ చదివింది అయిదో తరగతి, అదీ సగం. లారీల అడ్డా రోడ్డులో ఇరవై ఏళ్ళు ఒళ్ళమ్ముకుని బతికింది. ఆ మాట చెప్పుకోవడానికి ఆవిడకేం సిగ్గు లేదు. మోకాళ్ళు మొరాయించాక మానేసింది. ఇప్పుడు టీ కొట్టు ముందు నోటు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. అక్కడ పనిచేసే ఆడవాళ్ళు పొట్టితో కలిపి పదకొండు మంది. ఎవరు ఏ బండి ఎక్కినా, ఎక్కేముందు ఆవిడ దగ్గరికొచ్చి బండి నంబరు చెప్పాలి. ఆవిడ మనిషి పేరూ, బండి నంబరూ, టైమూ రాస్తుంది. తిరిగొచ్చాక "హాజరు టీచరమ్మా" అనాలి, అప్పుడు టిక్కు పెడుతుంది. పేరు అలా వచ్చింది. గంట దాటినా టిక్కు పడకపోతే ఫోను చేస్తుంది. ఫోను ఎత్తకపోతే ఆ నంబరు పట్టుకుని అడ్డా అంతటినీ లేపుతుంది. డ్రైవర్లకూ ఈ సంగతి తెలుసు. నంబరు రాసుకునే ముసల్ది ఒకతె ఉందని తెలిస్తే చెయ్యెత్తబోయేవాడు కూడా కాస్త ఆలోచిస్తాడు.

ఈ ఏర్పాటు ఊరికే పుట్టలేదు. తొమ్మిదేళ్ళ కిందట టీచరమ్మ స్నేహితురాలు, ఒకే గదిలో ఒకే చాప మీద పడుకున్న మనిషి, ఏదో తెల్లకారు ఎక్కి వెళ్ళింది. మూడోరోజు కాలవలో తేలింది. కారు రంగు తప్ప టీచరమ్మ ఏమీ చెప్పలేకపోయింది. తెల్లకార్లు ఊరినిండా ఉన్నాయి కదమ్మా అన్నాడు ఎస్సై. ఆ మాట గుర్తొస్తే ఆవిడకి ఇప్పటికీ అన్నం సహించదు.

ఇప్పుడు మునిసిపాలిటీ వాళ్ళు కొత్త నిబంధన తెస్తున్నారు. రోడ్డు మీద నిలబడితే జైలు, గది అద్దెకిస్తే జైలు. అంతవరకూ పాత పాటే. కొత్తదేమిటంటే, ఈ ఆడవాళ్ళ రాకపోకలు కనిపెట్టి ఉండేవాళ్ళనీ, ఆ వివరాలు రాసి ఉంచేవాళ్ళనీ వ్యాపారం నడిపేవాళ్ళ కిందే జమకడతారట. మూడేళ్ళ శిక్ష. ఆడవాళ్ళ సంఘం తరఫు లాయరమ్మ ఈ ముక్క చదివినప్పుడు పదకొండు మందీ టీచరమ్మ మొహంలోకి చూశారు.

"పుస్తకం ఊసు మాత్రం ఎత్తకండి," అని లాయరమ్మ వారం రోజులుగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. "ఈ నిబంధన వస్తే ఆడవాళ్ళు ఇంకా మూలలకి పోతారు, ప్రమాదం పెరుగుతుంది అని చెప్పండి, చాలు. మూడు నిమిషాలే ఇస్తారు."

"అలాగేనమ్మా," అంది టీచరమ్మ. అయినా పుస్తకం సంచిలోనే ఉంది. ఆవిడ కొట్టు ముందు లేని పూట ఎవరూ బండెక్కకూడదన్నది అడ్డాలో కట్టుబాటు. పుస్తకాన్ని ఇంకొకరి చేతిలో పెట్టడం ఆవిడకి చేతకాదు.

రెండున్నరకి పిలిచారు. మొదట అడ్డా పక్కనున్న కాలనీ సంఘం అధ్యక్షుడు మాట్లాడాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తని గొంతు. ఈ ఆడవాళ్ళ మీద తనకి కోపం లేదనీ, జాలేననీ అన్నాడు. తరవాత టీచరమ్మ లేచింది. లాయరమ్మ నేర్పిన నాలుగు ముక్కలూ తడబడకుండా అప్పజెప్పింది. ఇంకో నిమిషం మిగిలింది కూడా.

అభ్యంతరాలు వినే కమిటీకి పెద్ద ఒక కౌన్సిలరు. జలుబు చేసి, చేతిరుమాలు ముక్కు దగ్గరే పెట్టుకుని కూర్చున్న ఆవిడ. మంచి మనిషే, మాటలోనే తెలుస్తోంది.

"మీ బాధ నాకు అర్థమైందమ్మా. ఒకటి చెప్పండి. మీలో ఒకమ్మాయి బండెక్కి వెళ్ళింది, తిరిగి రాలేదు. ఎటు పోయిందో ఎవరికి తెలుస్తుంది? మిమ్మల్ని పట్టించుకునే మనిషి ఒక్కరైనా ఉన్నారా? అందుకే ఈ నిబంధన. ఇది మీ కోసమేనమ్మా."

తిట్టి ఉంటే టీచరమ్మ ఓర్చుకునేది, తిట్లు ఆవిడకి కొత్త కాదు. అంత జాలిగా అడిగేసరికి కడుపు మండిపోయింది. తొమ్మిదేళ్ళు ఎండనకా వాననకా కూర్చున్న మనిషి, అసలు లేనట్టే అయిపోయింది.

"నేనున్నానమ్మా," అంది. చెయ్యి సంచిలోకి వెళ్ళింది. పక్కనుంచి లాయరమ్మ కొంగు పట్టుకుని లాగుతున్నా ఆగలేదు.

"కిందటి మంగళవారం చూడండి. పదకొండూ నలభైకి నీలం లారీ ఎక్కిందమ్మా ఒక పిల్ల. గంటన్నరైనా రాలేదు. ఫోను ఎత్తలేదు. ఈ నంబరు పట్టుకుని ఇద్దరు డ్రైవర్లని పంపించాను. క్వారీ వెనకాల లారీ దొరికింది, పిల్ల దొరికింది. ఇదిగో టిక్కు."

కౌన్సిలరు ముందుకి వంగి పుస్తకం వైపు చూసింది. ఒక్క క్షణం తనే గెలిచాననుకుంది టీచరమ్మ.

"అంటే ఎవరు ఎప్పుడు ఎవరితో వెళ్తున్నారో అంతా మీ చేతుల మీదుగానే జరుగుతుందన్నమాట," అన్నాడు అధ్యక్షుడు అదే మెత్తని గొంతుతో. గుమాస్తా టకటకా టైపు చేసుకున్నాడు.

కౌన్సిలరు కళ్ళజోడు తీసింది. "ఇక్కడ చూపించింది రికార్డులోకి వెళ్తుందమ్మా. ఆ పుస్తకం ఇలా ఇవ్వండి."

అప్పుడు తెలిసొచ్చింది టీచరమ్మకు. పుస్తకం సంచిలో పెట్టేసి, సంచి చంకలో బిగించింది.

"ఇందులో మా ఆడవాళ్ళ పేర్లున్నాయి, ఇవ్వను. నా పేరు రాసుకోండి. కూర్చునేది నేనే, రాసేది నేనే. ఏం కావాలన్నా నన్నే అడగండి."

"ఒకటో తారీకు నుంచి ఇది నేరమవుతుంది. తెలుసుగా?" అంది కౌన్సిలరు.

"ఇంకా ఓటింగు కాలేదు మేడమ్," అంది లాయరమ్మ నీరసంగా. గుమాస్తా టీచరమ్మ మాటలు టైపు చేసిన కాగితం ముందుకు తోశాడు. అతను చూపించిన చోట ఆవిడ సంతకం చేసింది.

బయట లాయరమ్మ చకచకా మెట్లు దిగింది. నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేది.

"నాకు వయసొచ్చింది గాని బుద్ధి రాలేదమ్మా," అంది టీచరమ్మ.

"మీరు చెప్పింది అబద్ధమేం కాదు. అదే మన కొంప ముంచింది," అంది లాయరమ్మ, తన పాత స్కూటరు స్టార్టు చేస్తూ.

బస్సులో పొట్టి కిటికీ వైపు తిరిగి ఫోనులో గుసగుసలాడుతూనే ఉంది. టీచరమ్మ కునికిపాట్లు పడింది. అయిదింటికి అడ్డాలో దిగారు. కొట్టతను అడగకుండానే టీ ఇచ్చాడు. సగం తాగిందో లేదో, రోడ్డుకి అవతల ఒక లారీ ఆగింది. పొట్టి జుట్టు సవరించుకుని లేచింది. టీచరమ్మ పుస్తకం తెరిచి, కలం మూత తీసింది.

"నంబరెంతే?"

పొట్టి లారీ వైపు తిరిగింది.

"నిన్నేనే, నంబరు చెప్పు."

"చెప్పను టీచరమ్మా. బస్సులోంచి అందరితో ఫోనులో మాట్లాడాను. ఇకమీద నీకు ఎవ్వరం చెప్పం."

"ఒకటో తారీకు ఇంకా రాలేదే పిచ్చిదానా."

"వాళ్ళు నీ పేరు రాసుకున్నారుగా, నేను చూశాను. ఈ వయసులో నిన్ను జైల్లో వేయించి మేం బతకాలా?"

"నా సంగతి నేను చూసుకుంటాను. నిన్నెప్పుడూ ఏదీ అడగలేదు. ఒక్క నంబరు చెప్పి వెళ్ళవే తల్లీ."

పొట్టి వంగి ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. "గంటలో వచ్చేస్తాలే. టీ చల్లారిపోతోంది, తాగు." రోడ్డు దాటి లారీ ఎక్కింది.

టీచరమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచేలోపు లారీ కదిలింది. కళ్ళు చికిలించి చూసింది. నంబరు పలక నిండా దుమ్ము. మొదటిది ఏడో, ఒకటో. లారీ మలుపు తిరిగిపోయింది.

మళ్ళీ కూర్చుని పొట్టి పేరు రాసి, పక్కన అయిదూ పన్నెండు అని రాసింది. నంబరు ఉండాల్సిన చోట రాయడానికి ఏమీ లేదు. అరగంటలో ఇంకో ఇద్దరు వెళ్ళారు, ఇద్దరూ ఆవిడ ముందునుంచి రాకుండా కొట్టు వెనకనుంచి వెళ్ళారు. ఎవరు ఏ బండిలో ఉన్నారో తెలియకుండా ఆవిడ అక్కడ కూర్చోవడం తొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి.