బోరయ్య చాకు మీది గాట్లు

కొల్లప్ప పొలం సోలారు పార్కులోకి పోయి ఆరేళ్లయింది. ఏటేటా కౌలు డబ్బు వస్తుంది గనక తిండికి లోటు లేదు, చేతులకే పని లేదు. పనిలేని మనిషికి ఏదో ఒక పిచ్చి పట్టాలి కదా, ఇతనికి మడత చాకుల పిచ్చి పట్టింది. పావగడ సంతలో, జాతరల్లో కంటపడిన చాకునల్లా కొన్నాడు. చేప ఆకారంది, నెమలి ఆకారంది, లైటు వెలిగేది. బిస్కెట్ల డబ్బా నిండిపోయింది. అన్నీ ఎక్కడో ఒకే ఫ్యాక్టరీలో పుట్టినవే. ఈమధ్య ఆ డబ్బా మూత తీయబుద్ధి కూడా కావడం లేదు.

“ఇన్ని చాకులుండాయి, వంకాయ కోసేకి ఒక్కటీ పనికి రాదు” అనేది భార్య మారక్క. నిజమే మరి.

ఒకనాడు గొర్రెలు మేపే బోరయ్య వీళ్ల అరుగు మీద కూర్చుని, నడుములోంచి చాకు తీసి వక్క కోసుకున్నాడు. అతను కొల్లప్పకు వరసకు మామ. చాకుకి పొట్టేలు కొమ్ము పిడి, నలభై ఏళ్ల చెమటకి నల్లబడి ఉంది. కొల్లప్పకు ప్రాణం లేచొచ్చింది.

“మామా, రెండు దినాలు చూసుకొని ఇస్తా.”

బోరయ్య చాకును నేల మీద పెట్టాడు. చేతిలోంచి చేతికి చాకు ఇస్తే తగవొస్తుందని అక్కడి నమ్మకం. కొల్లప్ప నేల మీంచే తీసుకున్నాడు. అయినా రావలసిన తగవు రానే వచ్చింది.

అరువు తెచ్చిన గిన్నెనైనా తళతళా తోమి తిరిగిచ్చే ఇల్లు అది. కొల్లప్ప ఊరుకుంటాడా? చింతపండుతో చాకు ఇనుప అలుగును తోమాడు. ఉప్పుకాగితంతో పిడిని రుద్ది రుద్ది నున్నగా చేశాడు. మెచ్చుకుంటాడనుకుని మురిసిపోతూ తీసుకుపోయాడు.

బోరయ్య పిడి మీద బొటనవేలు ఆనించి తడిమాడు. మళ్లీ తడిమాడు.

“గాట్లు యాడికి పోయినాయప్పా?”

“ఏం గాట్లు మామా?”

“మన చెరువు నిండి, నీళ్లు కట్ట పక్కన మరవ మీద పొర్లి పారిన ఏడల్లా ఒక గాటు పెట్టినా. తొమ్మిది ఉండాల్ల.”

కొల్లప్ప వంగి పిడి వైపు చూశాడు. “మళ్లా కొయ్యకూడదా?”

“కొయ్యొచ్చు. గాటు మీద వేలు పెడితే ఆ ఏడాది కండ్ల ముందర నిలబడేది. ఇప్పుడు యా గాటు యా ఏటిదని కొయ్యాల?”

తిట్టి ఉంటే బాగుండేది. ముసలాయన చాకు నడుముకు దోపుకుని గొర్రెల వెంట పోయాడు. ఆ తరవాత పది రోజులు అరుగెక్కలేదు. కొల్లప్పకు కూడు సయించలేదు. ఒక మనిషి నీళ్ల సంవత్సరాలను ఉప్పుకాగితంతో చెరిపేశానే అని కుమిలిపోయాడు.

చివరికి ఆ ఏళ్లను వెతికి తెద్దామని చుట్టుపక్కల ముసలివాళ్ల ఇళ్లకు బయలుదేరాడు. చాకు సంగతి చెప్పగానే ప్రతి ఇంట్లోనూ ఒక పాత చాకు బయటికొచ్చింది. గుండమ్మ గూట్లోంచి మొగుడి చాకు తీసింది. “ఇది కొన్న ఏడే మరవ పారింది. దీంతోనే చేపలు కోసినాము. మా రెండో బిడ్డ అప్పుడు నా కడుపులో ఉన్నింది” అంది. పెద్దతిమ్మప్ప చాకుకి సగం అలుగే మిగిలింది, మిగతాది శెనక్కాయ మూటలు కోసి కోసి అరిగిపోయింది. ఏ రెండూ ఒక్కలా లేవు. కొల్లప్ప ఒక్కదాన్నీ అడిగి తెచ్చుకోలేదు. ఎవరిది, ఏం కోసింది, ఏ ఏడు అని మనవరాలి పాత నోటుబుక్కులో రాసుకున్నాడు. సంత చాకుల కోసం తిరిగినప్పుడు ఇంత సంతోషం ఏనాడూ కలగలేదు.

పుస్తకం పట్టుకుని బోరయ్య దగ్గరికి పోయి, భయం భయంగా చదివాడు. ఒక్కో ఏటికీ ముసలాయన “ఊఁ” అంటూ గాటు పెట్టుకుంటూ వచ్చాడు. తొమ్మిది అయ్యాయి. కొల్లప్ప పదోది చదివాడు.

“పదోది లేదప్పా.”

“గుండమ్మ చెప్పింది మామా, పెద్దతిమ్మప్ప కూడా చెప్పినాడు. వాన రాదని నువ్వు గొర్రెలు తోలుకొని మడకశిర పక్క పోయినావంట. నువ్వు పోయినంక కురిసిందంట. వారం దినాలు మరవ పారిందంట. నువ్వు తిరిగొచ్చేలోపల చెరువు మళ్లా ఎండిపోయిందంట.”

బోరయ్య తొమ్మిది గాట్లనూ బొటనవేలితో ఒక్కొక్కటిగా తడిమాడు.

“చూడు” అన్నాడు. “నాకు ఒక నీళ్ల ఏడు కలిసొచ్చినాది.”

అని పదో గాటు, మిగతావాటికన్నా కొంచెం లోతుగానే కోశాడు.