దూడ నోటికాడి పాలు

కుప్పం సభలో మాజీ ఎమ్మెల్యే ధనుంజయ మైకు పట్టుకుని, పేపరూ టీవీ ఛానలూ నడిపే ఒక పెద్దమనిషిని పేరు పెట్టి మరీ కడిగేశాడు. శాంతిపురం దగ్గర కొండను తొలుచుకు తింటున్నది ఆయనేననీ, ఆయన పేపరుకు జడిసి తనతో సహా అన్ని పార్టీలవాళ్లూ ఇన్నాళ్లూ బెల్లం కొట్టిన రాళ్లలా కూర్చున్నారనీ అన్నాడు.

అంకమ్మ ఇల్లు ఆ కొండ కిందే. క్వారీలో మందు పేలినప్పుడల్లా గోడ ఇంకాస్త నెర్రె విడిచేది, అడిగితే వినే నాథుడు లేడు. అందుకే సభలో కూర్చున్న ఆమెకు ధనుంజయ మాట చెవిన పడగానే ఎక్కడలేని ధైర్యం వచ్చింది. స్టేజీ ఎక్కి తన గోడల సంగతి నలుగురిలో చెప్పేసింది. ఇన్నాళ్లకు మాట మీద నిలబడే మనిషిని చూశానని కూడా అంది. మర్నాడు ఊళ్లో ధనుంజయ ఫ్లెక్సీకి పాలాభిషేకం. అంకమ్మ దూడను గుంజకు కట్టేసి, దానికి వదలాల్సిన పాలు కూడా పితికి తెచ్చి ఆ బొమ్మ నెత్తిన పోసింది.

వారం తిరక్కుండానే ధనుంజయ పాత బాగోతాలన్నీ ఆ పేపర్లో వరసబెట్టి రాసాగాయి. పుంగనూరు సంతలో వాడిపోయిన వంకాయలకున్న విలువ కూడా ఆయన పరువుకు లేకుండా పోయింది. దాన్ని నిలబెట్టుకోవడానికి ఆయన ఏం చేశాడో చూడండి. మదనపల్లెలో ఆ పెద్దమనిషి దిగిన ఇంటికి పోయి, శాలువా కప్పి, వంగి కాళ్లకు మొక్కి, బయటికొచ్చి కెమెరాల ముందు నిలబడ్డాడు. ఎవరో అంకమ్మంట, ఆమె సభకు ముందే తన దగ్గరికొచ్చి అబద్ధాలు చెబితే నమ్మి నోరు జారాడంట. కక్కిన కూడు తినాలనుకుంటే తను తినొచ్చు, దాన్ని పేదదాని విస్తట్లో వడ్డించడమేమిటి?

ఆమెతో కలిసి పాలు పోసినవాళ్లే ఇప్పుడు మొహాలు తిప్పుకున్నారు. గోడలు పగిలినప్పుడు ఏడవని అంకమ్మ, అబద్ధాలకోరన్న పేరుకు ఏడ్చింది.

తర్వాత ధనుంజయ మనిషి గిరిబాబు ఫోను పట్టుకుని వచ్చాడు. ఆవు దగ్గర కూర్చుని పాలు పితుకుతున్న ఆమె ముందు గొంతుక్కూర్చుని, అబద్ధం చెప్పినానని ఒక్క మాట అంటే అన్న పరువు నిలుస్తుందనీ, గోడలకు క్వారీవాళ్లే సిమెంటు పూయిస్తారనీ నచ్చజెప్పాడు. జనం నమ్మాలంటే లైవ్‌లో చెప్పాలన్నాడు.

అంకమ్మ పాల చెంబు పక్కన పెట్టింది. తర్వాత లేచి చేతులు కడుక్కుంది.

"పెట్టప్పా లైవు," అంది.

గిరిబాబు సంబరంగా ఫోను ఎత్తాడు.

"అవునప్పా, నేను అబద్ధం చెప్పినా. కొండ గురించి కాదు, గోడల గురించి కాదు. అవి ఈడే ఉండాయి, ఎవురైనా వచ్చి సూడండి. ధనుంజయ మాట మీద నిలబడే మనిషని స్టేజీ మీద చెప్పినా సూడు, అదీ నేను చెప్పిన అబద్ధం."

గిరిబాబు కంగారుగా ఫోను ఆపేసేలోగా ఆ మాట ఊళ్లు దాటిపోయింది. అంకమ్మ అతని వైపు చూడను కూడా చూడలేదు. గుంజ దగ్గరికి పోయి దూడ కట్టు విప్పింది.

"ఆ పొద్దు నీ నోటికాడివి తీసకపోయి యాడ పోసినానో సూడు," అంది దాని వీపు నిమురుతూ. ఇంకా సగం పాలున్న పొదుగు దానికి వదిలేసి, చెంబు తీసుకుని లోపలికి పోయింది.