గడ్డం కింద మైనం

ఆరేళ్ల తర్వాత నా బావమరిది గుమ్మంలో నిలబడ్డాడు. చంకలో తువ్వాలు చుట్టిన మూట. విప్పకముందే తెలిసింది, అది నా భార్య ముఖం. ఆమె పోయిన వారానికి, నన్ను ఒక్క మాట అడగకుండా అటక మీద నుంచి దించి పట్టుకుపోయిన ప్లాస్టర్ అచ్చు.

"బావా, దీని మీద నాకో మాస్కు తీసిపెట్టు. అచ్చు నువ్వే ఉంచుకో," అన్నాడు.

కూర్చోమనలేదు. బల్ల మాత్రం బయటికి లాగాను.

ఆ బల్ల నేనూ నా భార్యా కలిసి చేసుకున్నది. ఆమె బడిపిల్లల నాటకాలకు మాస్కులు చేసేది. కాగితం ముక్కలు అతికించి ఆరబెట్టడానికి ఒక్కోదానికి రెండు రోజులు పట్టేది. ప్లాస్టిక్ షీటు వేడిచేసి, అచ్చు మీదికి దించి, కింద నుంచి గాలి లాగేస్తే క్షణంలో మాస్కు వస్తుందని ఎక్కడో చూసి వచ్చింది. ఆ మిషను ధర విని ఇద్దరం నోరు మూసుకుని ఇంటికొచ్చాం.

మనమే చేద్దామంది. పాత బీరువా సొరుగు గాలి లాగే పెట్టె అయింది. దాని మీద చెక్క. చిన్నప్పుడు బడిలో పలక మీద గీసినట్టే ఆమె గళ్లు గీసింది. గీతలు కలిసిన ప్రతి చోటా నేను రంధ్రం చేశాను. అరచేయి బొబ్బలెక్కింది. అడుగున ఇల్లు శుభ్రం చేసే వాక్యూమ్ క్లీనర్ గొట్టం, పైన పాత కరెంటు పొయ్యి, షీటు బిగించడానికి రెండు పటాల చట్రాలు.

మొదటి రోజు చప్పుడే తప్ప షీటు కదల్లేదు. సందుల్లోంచి గాలి పోతోంది. "అక్కా, బావ నీకు ఈల వేసే పెట్టె చేసిపెట్టాడు," అన్నాడు బావమరిది. ఆమె కూడా నవ్వింది. ఆమెను క్షమించాను. మర్నాడు సైకిల్ ట్యూబు కోసి మూలలన్నిటికీ ఆమే అతికించింది. ఈల ఆగింది.

తర్వాత తన ముఖానికే అచ్చు తీయమంది. ముక్కులో గొట్టాలు పెట్టుకుని పడుకుని, నవ్వించొద్దని వేలు చూపించింది. నవ్వించాను. అందుకే అచ్చులో ఎడమ పెదవి మూల కాస్త పైకి లేచి ఉంటుంది.

తువ్వాలు విప్పి చూశాను. ఆ మూల అలాగే ఉంది.

బీటలిచ్చిన ట్యూబు ముక్కలు మార్చి, షీటు బిగించి, పొయ్యి వెలిగించాను. షీటు మెత్తబడి రెండు వేళ్ల లోతు జారేదాకా ఆగాలి. అది ఆమె లెక్క. బావమరిది ఊరుకోలేదు. అక్క చివరి రోజుల్లో నేను తనకు కబురు పెట్టలేదన్నాడు. నిజమే, పెట్టలేదు. ఒళ్లు మండింది. చట్రం దించి స్విచ్ నొక్కాను. షీటు ఆమె నుదుటికి, ముక్కుకు, పెదవులకు అతుక్కుంది. గడ్డం కిందికీ పోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. గడ్డం కింద లోపలికి వంగిన చోట ముందే మైనం నింపాలి. లేకపోతే ప్లాస్టిక్ అక్కడ కొక్కెంలా పట్టేసి అచ్చును వదలదు. కోపంలో ఉంటే మీరు మైనం మర్చిపోతారండీ అని, ప్రతిసారీ ఆమే నింపేది.

ఇక మాస్కు దక్కాలంటే ప్లాస్టర్ పగలగొట్టాలి. అచ్చు దక్కాలంటే ప్లాస్టిక్ కోయాలి.

"నీ ఇష్టం బావా," అన్నాడు. కళ్లు మాత్రం మాస్కు మీద నుంచి తీయలేదు.

కత్తి తీసుకుని షీటును నిలువునా, అడ్డంగా కోశాను. ముక్కలు కింద పడ్డాయి. అతను వంగి ఏరాడు. పెదవి మూల ఉన్న ముక్క వెతికి జేబులో పెట్టుకున్నాడు. ఇంకో షీటు లేదా అని అడిగాడు. ఉన్నదొక్కటే అన్నాను. తువ్వాలు మడతపెట్టుకుని వెళ్లిపోయాడు.

అల్మరాలో ఇంకా ఏడు షీట్లున్నాయి. ఆమె కొన్నవి.

సాయంత్రం మైనం కరిగించి గడ్డం కింద నింపాను. అల్మరాలోంచి షీటు మాత్రం తీయలేదు.